రోడ్డు పక్కన బతికేవాళ్ల కుక్కకు సాయం చేయాలంటే

తిరుపతి రైల్వే స్టేషన్ బయట, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో, కపిలతీర్థం దారిలో గోనెపట్ట పరుచుకుని పడుకునేవాళ్లలో కొందరి పక్కన ఒక కుక్క ఉంటుంది. అది వీధికుక్క కాదు, వాళ్ల కుక్క. "మంచి ఇల్లు చూస్తాం" అని దాన్ని పట్టుకుపోవడం సాయం కాదు. రాత్రిపూట వాళ్ల మూటను కాపాడేది అదే.

ముందు మనిషితో మాట్లాడండి. కుక్క మీదికి చెయ్యి చాపకుండా, నాలుగడుగుల దూరంలో కూర్చుని "తాతా, దీని పేరేంది? ఏం తింటుంది?" అని అడగండి. ఆయన నిద్రలో ఉన్నప్పుడు దగ్గరికి పోవద్దు, ఎంత సాధువైన కుక్కైనా కరుస్తుంది. తిండి ఆయన చేతికే ఇవ్వండి, ఆయనకో పొట్లం, కుక్కకో పొట్లం. ఒకటే ఇస్తే ఆయన పస్తుండి దానికి పెడతాడు.

15 కిలోల కుక్కకు రోజుకు 350 గ్రాముల అన్నం లేదా సంగటి, 150 గ్రాముల ఉడికించిన చికెన్, ఒక గుడ్డు సరిపోతాయి. రెండు పూటలుగా పెట్టాలి. ఉప్పు, కారం, ఉల్లిపాయ వద్దు. ఉడికిన ఎముకలు పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి, తీసేయండి. గుడి చుట్టుపక్కల మాంసం పెట్టొద్దు, తిట్లు పడేది ఆ మనిషికే. అక్కడ పెరుగన్నం చాలు. యాత్రికులు ప్రేమగా లడ్డూ పెడుతుంటారు, కానీ అందులోని ఎండుద్రాక్ష కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఈ సంగతి కుక్క మనిషికి చెప్పి ఉంచండి, వద్దనేది ఆయనే. ఎండాకాలం నీళ్లకు మట్టి మూకుడు ఇవ్వండి, ప్లాస్టిక్ గిన్నె తిరగబడుతుంది.

పిడుదుల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ కింద వెతకండి. ట్వీజర్‌తో (చిన్న పట్టకారు) చర్మానికి ఆనుకుని పట్టుకుని నిదానంగా లాగాలి. నలిపితే లోపలి రసం గాయంలోకి పోతుంది. కిరోసిన్, ఫినాయిల్ పూయడం విషమే. పశువులకు వాడే పిడుదుల మందును నీళ్లు కలపకుండా పోస్తే కుక్క వణికి పడిపోతుంది. పైన పోసే మందు ఆరేదాకా ఆయన దాన్ని పక్కన పడుకోబెట్టుకోకూడదు, అందుకే వీళ్లకు డాక్టరు రాసిచ్చే మాత్రే మేలు. చిగుళ్లు పాలిపోయినా, ముక్కునుంచి రక్తం కారినా, తిండి మానేసినా పిడుదుల జ్వరం కావచ్చు, ఆ రోజే చూపించండి. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ ఇవ్వనే కూడదు.

రేబిస్ టీకా పిల్లకు మూడు నెలలు నిండాక వేయించాలి. తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మరో డోసు, ఆపైన ఏటా ఒకటి. నట్టల (కడుపులో పురుగుల) మాత్ర మూడు నెలలకోసారి, బరువు తూచే వేయాలి. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రికి ఉదయాన్నే ఆటోలో తీసుకుపోండి, ఆయన్నీ కూడా రమ్మనండి. ఆయన చెయ్యి మీద ఉంటే కుక్క సూదికి కదలదు. భయపడితే మీటరు పొడవు నూలు గుడ్డను మూతి చుట్టూ ఒక చుట్టు చుట్టి, గడ్డం కింద దాటించి, చెవుల వెనక జారుముడి వేయాలి. అయిదు నిమిషాలకు మించి ఉంచొద్దు, నోరు తెరవలేకపోతే ఒళ్లు వేడెక్కిపోతుంది. మెడపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. టీకా కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆయనకివ్వండి, ఫోటో మీ ఫోన్లో ఉంచుకోండి. మున్సిపాలిటీ వాళ్లు పట్టుకుపోతే ఇదే ఆధారం. కుక్కల సంతాన నియంత్రణపై కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసిన వీధికుక్కను పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. కానీ రైల్వే స్టేషన్, బస్టాండు, ఆసుపత్రి, బడి ఆవరణల్లో పట్టినవాటిని అక్కడే వదలొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా రుయా ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. పసుపు, సున్నం పూయొద్దు.

అసలు చిక్కు ఆయనకు జబ్బు చేసినప్పుడు వస్తుంది. కుక్కను ఎవరు చూస్తారోనని వార్డులో చేరడు. అందుకే ఒళ్లు బాగున్నప్పుడే టీకొట్టు అన్ననో, పూలమ్మే అవ్వనో ఆయనతోనే అడిగించి ఒప్పించండి. చేరిన రోజు నాలుగు రోజుల తిండి ఖర్చు, ఆయన కప్పుకున్న తువ్వాలు వాళ్లకివ్వండి. ఆ వాసనుంటే కుక్క అక్కడే పడుకుంటుంది. రోజూ ఒక ఫోటో తీసి వార్డులో ఆయనకు చూపించండి. తింటోందని కళ్లతో చూస్తే సెలైన్ పీక్కుని మధ్యలో వచ్చేయడు.