జూ ట్రిప్‌కి తోడు వెళ్తున్నారా? తలలు కాదు, పేర్లు లెక్కపెట్టండి

మా బాబు యూకేజీలో ఉన్నప్పుడు వాళ్ల క్లాసుతో కడప నుంచి తిరుపతి జూకి తోడుగా వెళ్లాను. నాకు ఐదుగురిని అప్పజెప్పారు. ఐదుగురే కదా అనుకున్నా. కోతుల దగ్గర లెక్కపెడితే ఐదు తలలూ సరిగ్గా ఉన్నాయి, ధైర్యంగా ముందుకు నడిచాం, పది అడుగులు వేశామో లేదో ఒక పాప నా చెయ్యి లాగి "ఆంటీ, మా మిస్ ఎక్కడ?" అంది. చూస్తే ఆ పాప పక్క సెక్షన్‌ది! మావాడొకడు వెనకాల ఇంకా కోతుల్నే చూస్తూ నిలబడి ఉన్నాడు. ఒకే యూనిఫారం, ఒకే టోపీ, వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలిసి చావదు. ఆ రెండు నిమిషాల టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

అందుకే బస్సు కదలకముందే మీ గుంపు పిల్లల పేర్లు బట్టీ పట్టండి. పేరు పిలిస్తే "ఉన్నా" అనాలి, అంతే ఆట. రాజంపేట దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనబడగానే నిద్రపోయేవాళ్లు కూడా లేచి కిటికీల దగ్గరికి పరిగెడతారు, అప్పుడొకసారి పిలిచి చూడండి, జూ చేరేలోపు అలవాటైపోతుంది. చేతికి ఒకే రంగు రిబ్బను కట్టండి. జేబులో మిస్ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.

బస్సులో మూడు గంటలు సులువుగా పడుతుంది. పొద్దున్నే గ్లాసుడు పాలు తాగించి ఎక్కించారంటే కోడూరు రాకముందే అవి బయటికొస్తాయి, రెండు ఇడ్లీలు చాలు. కవర్లు, పాత పేపర్లు, ఒక జత బట్టలు మీ దగ్గర ఉంచుకోండి. బస్సు ఆపిన చోట అందరినీ దించండి, "నాకు రావట్లేదు" అన్నవాడే పది నిమిషాలకి ఏడుస్తాడు.

మంగళవారం జూకి సెలవు, స్కూలు వాళ్లు చూసుకునే ఉంటారు గానీ ఒక మాట అడిగితే పోయేదేం లేదు.

శేషాచలం కొండల కింద చాలా పెద్ద జూ అది, 1987లో పెట్టారు. అన్నీ చూపించాలని పోకండి, పిల్లల కాళ్లు ఆగవు. నాలుగైదు జంతువులు ఎంచుకోండి, పులీ సింహం ముందు చూపించేయండి, ఎండెక్కితే అవి నీడలో పడుకుంటాయి, "లేపు ఆంటీ" అని మీ ప్రాణం తీస్తారు. అరిచి లేపడం, రాళ్లు వేయడం, బొరుగులు విసరడం వద్దని ముందే చెప్పండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారమే అవి తప్పు. ఒకడిని ఎత్తుకున్నారా, మిగతా నలుగురికీ అప్పుడే కాళ్లు నొప్పులొస్తాయి. అసలు కష్టం మాత్రం మన సొంత బిడ్డతోనే. మా అమ్మ చెయ్యి వేరేవాళ్లు పట్టుకోకూడదని మావాడు అలిగి కూర్చున్నాడు, ఆ సంగతి ముందురోజే ఇంట్లో మాట్లాడుకోవాల్సింది.

తెల్లపులికి పౌడరు రాశారా అని అడుగుతారు. అది కూడా మామూలు పులే, అమ్మానాన్నలిద్దరి నుంచీ ఆ గుణం వస్తేనే తెల్లగా పుడుతుందని చెప్పండి, చాలు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువని చెప్పండి. వీలైతే కలివికోడి కథ కూడా. ఇక లేదనుకున్న పక్షి 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ కనబడిందంటే నోరు తెరుచుకుని వింటారు.

చిత్రాన్నం డబ్బాలు కోతులున్న చోట తెరవకండి. మా ముందు గుంపు వాళ్ల సంచి ఒకటి చెట్టెక్కింది.

తిరుగు బస్సు ఎక్కాక మళ్లీ పేర్లు, ఆ తర్వాతే డ్రైవరుకి చెప్పండి. రాత్రి స్కూలు గేటు దగ్గర తాతో మేనమామో వచ్చి పిల్లని ఇవ్వమంటే మీరు ఇవ్వకండి, మిస్ చూసి పంపాలి. అందరూ వెళ్లాక సీట్ల కింద ఒకసారి చూడండి, నీళ్ల బాటిళ్లు, ఒంటి చెప్పులు కనీసం నాలుగైనా దొరుకుతాయి.