మోనిటర్‌కి పెడితే ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కట్లేదా?

కాశీబుగ్గ నుంచి మా బావమరిది ఫోన్. "బావా, కొత్త మోనిటర్ కొన్నాను. ఒక్క వైరు పెడితే బొమ్మా వస్తది, ఛార్జింగూ ఎక్కుతాది అన్నారు. బొమ్మొస్తంది గానీ బ్యాటరీ దిగిపోతంది. ఏటి సెయ్యాల?" మర్నాడు బస్సెక్కి మోనిటర్‌తో సహా విజయనగరం వచ్చేస్తానన్నాడు. వద్దన్నాను. ఇలాంటివాటిలో రిపేరు దాకా వెళ్లేవి తక్కువ. మోనిటర్ ఇవ్వగలగాలి, వైరు మోయగలగాలి, ల్యాప్‌టాప్ పుచ్చుకోగలగాలి. ఈ మూడింట్లో ఏది కుదరలేదో పట్టుకుంటే చాలు.

ఛార్జింగ్ గుర్తే రావట్లేదు

ముందు వైరు చూడండి. హెచ్‌డీఎంఐ వైరు బొమ్మను తెస్తుంది తప్ప ల్యాప్‌టాప్‌ని ఛార్జ్ చేయదు. రెండు చివర్లా టైప్-సి ఉన్న కేబులే కావాలి. కొన్ని మోనిటర్లకి వెనకాల రెండు టైప్-సి పోర్టులుంటాయి. ఒకటి ల్యాప్‌టాప్‌కి, రెండోది ఫోనుకో పెన్‌డ్రైవ్‌కో. ల్యాప్‌టాప్‌కిచ్చిన పోర్ట్ పక్కన చిన్న ల్యాప్‌టాప్ బొమ్మో, 65 వాట్లు లాంటి అంకో ఉంటుంది. మోనిటర్‌ని గోడ వైపు తిప్పేసి తడుముతూ పెట్టేవాళ్లం కదా, తప్పు పోర్టులో పెట్టడం మామూలే.

అక్కడ అంతా సరిగానే ఉంటే ల్యాప్‌టాప్ వైపు రండి. టైప్-సి పోర్ట్ ఉన్నంత మాత్రాన అది ఛార్జింగ్ తీసుకోవాలని లేదు. డేటాకి మాత్రమే పనికొచ్చేవీ ఉన్నాయి. మీ ఒరిజినల్ ఛార్జర్‌కి గుండ్రటి పిన్ను ఉంటే ఈ అనుమానం తప్పకుండా పడాలి. పోర్ట్ పక్కన ప్లగ్గో బ్యాటరీయో గుర్తుగా ఉంటే సరే. లేకపోతే మోడల్ నంబర్ కొట్టి, స్పెసిఫికేషన్లలో ఆ పోర్టుకి 'పవర్ డెలివరీ' అని రాశారేమో వెతకండి. ఆ మాట లేకపోతే ఎంత ఖరీదైన కేబుల్ కొన్నా దండగే.

ఛార్జింగ్ అంటుంది, శాతం మాత్రం దిగుతుంది

మా బావమరిది గొడవ ఇదే. వీడియో కాల్‌లో పాత ఛార్జర్‌ని తిరగేసి, ఇంకో ఫోన్ టార్చి వేసి, ఔట్‌పుట్ అన్న చోట చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందో చదవమన్నాను. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 65 వాట్లు. ఇప్పుడు మోనిటర్ పెట్టెలోని కాగితం తీయమన్నాను. టైప్-సి ఎదురుగా 5 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంది. అంటే 15 వాట్లు! ఫోనుకి సరిపోతుంది, ల్యాప్‌టాప్‌కి ఎక్కడ చాలుతుంది? పని జరుగుతున్నంతసేపూ వచ్చేదానికంటే ఖర్చయ్యేది ఎక్కువ. విండోస్ కూడా స్లో ఛార్జర్ అని చెబుతూనే ఉంది, మనవాడు ఆ మెసేజ్‌ని మూసేస్తూ వచ్చాడు.

దీనికి సెట్టింగ్ లేదు. ఒరిజినల్ ఛార్జర్ కూడా పెట్టుకుని, మోనిటర్ వైరుని బొమ్మ కోసమే వాడుకోవాలి. రెండూ ఒకేసారి పెడితే ఏమైనా అవుతుందని టెన్షన్ అక్కర్లేదు, ల్యాప్‌టాప్ తనకి కావలసినది ఎంచుకుంటుంది. 90 వాట్ల మోనిటర్‌కి 45 వాట్ల ల్యాప్‌టాప్ పెట్టినా కాలిపోదు. వైరు పెట్టగానే 5 వోల్టులతో మొదలై, రెండూ మాట్లాడుకున్నాకే వోల్టేజి పెరుగుతుంది. కొనేముందు మాత్రం 'టైప్-సి ఉంది' అన్న మాట దగ్గర ఆగకుండా ఎన్ని వాట్లో అడగండి.

మోనిటర్ వాట్లు సరిపోయినా దిగుతుంటే అప్పుడు దొంగ ఎవరంటే కేబులే. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించాలంటే కొనలో ఇ-మార్కర్ చిప్ (తను ఎంత మోయగలదో చెప్పే చిన్న చిప్) ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. మోనిటర్‌తో వచ్చిన కేబుల్ని దాచేసి, గంటస్తంభం దగ్గర కొన్న పొడుగుపాటిది వాడేవాళ్లు ముందు ఆ దాచినదాన్ని బయటికి తీయండి.

గేమింగ్ ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. ఒరిజినల్ ఛార్జరే 180, 230 వాట్లుంటే మోనిటర్ దాని ఆకలి తీర్చలేదు.

ఛార్జింగ్ ఎక్కుతుంది, బొమ్మ రాదు

పెట్టింది ఫోన్ కేబుల్ అయి ఉంటుంది. అందులో బొమ్మను మోసే తీగలుండవు. వీడియో కూడా మోస్తుందని రాసున్న కేబుల్, మీటరుకి మించనిది తీసుకోండి.

మోనిటర్ ఆపగానే ఛార్జింగ్ ఆగిపోతుంది

మోనిటర్ మెనూలో యూఎస్‌బీ అన్న చోట, స్టాండ్‌బైలోనూ ఛార్జింగ్ ఇవ్వాలా అనే ఆప్షన్ ఉంటుంది. ఆన్ చేయండి. కొన్ని మోడళ్లలో అది ఉండదు, అప్పుడు స్క్రీన్ వెలిగించే ఉంచాలి.

కరెంటు పోయి వచ్చాక పని చేయట్లేదు

మన వైపు ఇది ఎక్కువే. కరెంటు టపటపా రెండుసార్లు పోయి వస్తే మోనిటర్ లోపలి ఛార్జింగ్ సర్క్యూట్ బిగుసుకుపోతుంటుంది. బటన్‌తో ఆపితే చాలదు. గోడ దగ్గర ప్లగ్ పీకి, టైప్-సి వైరు కూడా తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. మా అత్తగారింట్లో ఇన్వర్టర్ కొన్నది ఆ తర్వాతే. దాని మీద మోనిటర్ నడిపితే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మోనిటర్ తన సొంతానికి 30 వాట్లు తీసుకుంటే, దాని గుండా ల్యాప్‌టాప్ ఇంకో 65 లాగుతుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఆ వైరు పీకేసి, ల్యాప్‌టాప్‌ని దాని బ్యాటరీ మీద వదిలేస్తే ఫ్యాను ఇంకాసేపు తిరుగుతుంది.

80 శాతం దగ్గర ఆగిపోతుంది

అది తప్పు కాదు. బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలని కంపెనీ పెట్టిన సెట్టింగ్. కావాలంటే మార్చుకోవచ్చు, నేనైతే మార్చను.

కాస్త కదిపితే తెగిపోతుంది

పోర్టులో నూగు చేరి ఉంటుంది. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, అన్ని వైర్లూ తీసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా గీకి తీయండి. పిన్నీసు మాత్రం దూర్చకండి.