పదో తరగతి పిల్లలకు నిద్ర పట్టట్లేదా? ఆటల పీరియడ్ చూడండి

టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉంటుంది, కానీ పరీక్షలు దగ్గరపడితే అది లెక్కల సార్ ఖాతాలోకి పోతుంది. వీలైతే పీఈటీ సార్‌తో మాట్లాడి ఆ పీరియడ్‌ని ఉదయం మొదటి రెండింటిలోకి మార్పించండి. ఈ వయసులో నిద్ర తెప్పించే హార్మోన్ మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే పదకొండయినా కళ్లు మూతపడవు. పొద్దున ఎండ కళ్లకు తగిలితే ఒంట్లోని నిద్ర గడియారం కాస్త ముందుకు జరిగి, రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. షెడ్డు కింద క్యారమ్స్ ఆడిస్తే ఈ లాభం రాదు.

లైన్లో నిలబెట్టి హాజరు తీసుకోవడంతోనే సగం పీరియడ్ అయిపోతుంది. మిగతాదాంట్లో ఊపిరి వేగం పెరగాలి: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. కబడ్డీ, ఖోఖో చాలు. 5–17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల కదలిక కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, కాబట్టి మిగిలింది సాయంత్రం పూర్తిచేయాలి.

ట్యూషన్ అయ్యాక రాత్రి తొమ్మిదిన్నరకు షటిల్ మాత్రం వద్దు. గుండె వేగం, ఒంటి వేడి తగ్గడానికి టైం పడుతుంది. పడుకోవడానికి కనీసం గంట ముందే ఆట ఆపాలి, రెండు గంటలైతే నయం. సాయంత్రం ఆరు దాటాక టీ కూడా ఇవ్వకండి.