ఇంపోర్ట్ చేయగానే లాగ్ ఆగిపోయిందా? సమస్య - పరిష్కారం

పర్లాకిమిడిలో ఒక బియ్యం కొట్టుకు పైథాన్‌లో బిల్లుల ప్రోగ్రాం రాసి ఇచ్చాను. బిల్లు ఒడియాలోనూ తెలుగులోనూ వస్తుంది. కరెంటు పోయినప్పుడు ఏ బిల్లు దగ్గర పని ఆగిందో తెలియడానికి వాళ్లకు లాగ్ ఫైలే (ప్రోగ్రాం చేసిన పనులను వరుసగా రాసుకునే ఫైలే) ఆధారం.

లక్షణం: బిల్లుపై బార్‌కోడ్ కావాలంటే ఒక లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) చేర్చాను. బార్‌కోడ్ చక్కగా వచ్చింది. మరునాడు యజమాని ఫోను చేశారు: "బాబూ, నిన్నటి తేదీతో లాగ్ ఫైలే లేదు." ఎర్రర్ మాత్రం ఎక్కడా లేదు.

కారణం: పైథాన్ లాగింగ్‌లో రూట్ లాగర్‌కు, అంటే ప్రోగ్రాం మొత్తానికి మూలమైన లాగర్‌కు, అప్పటికే హ్యాండ్లర్ (లాగ్‌ను ఫైలుకో తెరకో పంపే భాగం) ఉంటే, మనం పిలిచిన బేసిక్ కాన్ఫిగ్ (లాగింగ్‌ను అమర్చే ఫంక్షన్) ఏమీ చేయకుండా, ఏమీ చెప్పకుండా వెనుదిరుగుతుంది. ఇంపోర్ట్‌లు, అంటే లైబ్రరీలను తెచ్చుకునే వరుసలు, ఫైలు పైభాగంలో ఉంటాయి కనుక లైబ్రరీ వంతే ముందు. దాని కోడ్‌లో బేసిక్ కాన్ఫిగ్ కోసం వెతికాను, కనబడలేదు. చాలామంది ఇక్కడే వెనక్కి వచ్చేస్తారు. హ్యాండ్లర్ లేనప్పుడు లాగింగ్ డాట్ వార్నింగ్ (లాగ్‌లో హెచ్చరిక రాసే ఫంక్షన్) అని నేరుగా పిలిచినా లోలోపల బేసిక్ కాన్ఫిగ్ నడుస్తుంది. ఆ ఒక్క వరుస నేను చేర్చిన లైబ్రరీలో కాదు, అది వెంట తెచ్చుకున్న మరో లైబ్రరీలో ఉంది.

నిర్ధారణ: ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతా లైబ్రరీలతో కలవని విడి పైథాన్ అమరికలో) ఒక్కొక్క లైబ్రరీనే ఇంపోర్ట్ చేసి, ముందూ వెనకా రూట్ లాగర్ హ్యాండ్లర్ల జాబితా చూడండి. ఖాళీ జాబితాలో ఒకటి చేరితే దొరికినట్టే. ఆ లైబ్రరీని ఏ లైబ్రరీ వెంట తెచ్చుకుందో పిప్ షో అనే కమాండ్ చెబుతుంది.

పరిష్కారం: మన లాగింగ్ అమరికను మిగతా ఇంపోర్ట్‌లకంటే పైకి జరపండి. నేను ఇదే చేశాను. పైథాన్ 3.8 నుంచి బేసిక్ కాన్ఫిగ్‌కు ఫోర్స్ అనే ఆప్షన్ ఉంది. అది పాత హ్యాండ్లర్లను తీసేసి మనవి పెడుతుంది. లైబ్రరీ రాసేవారికి నా విన్నపం: సొంత పేరుతో లాగర్ తీసుకోండి, రూట్‌ను ముట్టకండి. వాడేవారి ఇంట్లో సామాను సర్దే హక్కు మనకు లేదు.

లాగ్ కాక లెక్కలు మారితే, అంటే అతి చిన్న దశాంశ సంఖ్యలు సున్నా అయిపోతుంటే, సీ భాషలో రాసిన లైబ్రరీలను అనుమానించండి. ఫాస్ట్ మ్యాథ్ (లెక్కల వేగం కోసం కచ్చితత్వాన్ని సడలించే) ఆప్షన్‌తో కంపైల్ చేసిన షేర్డ్ లైబ్రరీ (నడిచేటప్పుడు ప్రోగ్రాంలోకి లోడ్ అయ్యే ఫైలు) లోడ్ కాగానే ప్రాసెసర్ అమరికనే మార్చగలదు. సీ కంపైలర్ జీసీసీ 13వ వెర్షన్‌లో దీన్ని సరిచేశారు. పాత కంపైలర్‌తో కట్టినవాటిని ఆ ఆప్షన్ తీసేసి గానీ కొత్త కంపైలర్‌తో గానీ మళ్లీ కట్టాలి.