747-8 మోడల్ విసరగానే ముక్కు నేలకు కొడుతోందా?

అనంతపురంలో పిల్లల చేత థర్మాకోల్ గ్లైడర్లు చేయిస్తుంటాను. నా దగ్గరికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే రిపేరు ఇదే. "అన్నా, 400 బాగా ఎగురుతాండె. అదే ప్లాన్ పొడిగించి 8 చేస్తే నేలకు కొడతాంది, ఏంటికి?" అంటారు. 400 అంటే బోయింగ్ జంబో విమానం 747-400, 8 అంటే దాన్ని పొడిగించిన 747-8. చేతిలోని మోడల్ ముక్కు నలిగి, తెల్ల పూసల మధ్య ఎర్రమట్టి ఇరుక్కుని ఉంటుంది. ఇక్కడి కొలతలన్నీ అసలు విమానంలో నూరో వంతు సైజు మోడల్‌కు.

ఒక పక్కకు తిరిగి పడుతోందా?

రెక్క మెలి తిరిగింది. మోడల్‌ను కంటి ఎత్తులో పట్టుకుని తోక వైపు నుంచి చూడండి. రెండు రెక్కల వెనక అంచులు ఒకేలా కనిపించాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే థర్మాకోల్ వంగిపోతుంది. వేళ్లతో ఎదురు దిశలో మెల్లగా మెలిపెట్టి కాసేపు పట్టుకుంటే సరి. అర నిమిషం పని, అయినా దాదాపు ఎవరూ చేయరు. దయచేసి ముందు ఇది చూసి, తర్వాతే మిగతావి ముట్టుకోండి.

తిన్నగా ముక్కు దించేస్తోందా?

ఇది బ్యాలెన్స్ పాయింట్ తప్పు, అంటే వేలి మీద పెడితే మోడల్ సమంగా నిలవాల్సిన చోటు తప్పు. "వేలి మీద నిలబెట్టి చూశానన్నా, సమంగానే ఉంది" అంటారు. నిజమే, సమంగానే ఉంటుంది. మోసం అక్కడే ఉంది.

2005 నవంబర్‌లో ప్రకటించిన 747-8ను బోయింగ్ ముందూ వెనకా సమానంగా సాగదీయలేదు. 400 పొడవు 70.7 మీటర్లు, దీనిది 76.3. పెరిగిన 5.6 మీటర్లలో సుమారు 4.1 రెక్కకు ముందు, 1.5 వెనక చేర్చారు. మన మోడల్‌లో అవి 4.1, 1.5 సెంటీమీటర్లు. పాత ప్లాన్‌లో బ్యాలెన్స్ పాయింట్‌ను ముక్కు కొస నుంచి కొలిచి ఇస్తే, మనం అదే అంకెను కొత్త మోడల్ మీద గుర్తుపెడతాం. రెక్కేమో 4.1 సెంటీమీటర్లు వెనక్కి జరిగి ఉంటుంది. ముందంచు నుంచి వెనక అంచు దాకా రెక్క సగటు వెడల్పే సుమారు 8.3 సెంటీమీటర్లు. అంటే గుర్తు దాదాపు సగం రెక్క వెడల్పు ముందుకు పడుతుంది. ఆ తప్పు గుర్తు మీద సమంగా నిలిచేదాకా ముక్కులో రూపాయి బిళ్ళలు దూరుస్తాం.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో మూడు సాయంత్రాలు నేనూ ఇలాగే పోగొట్టుకున్నాను. ముక్కు దిగుతోందని తోక ఫ్లాపులు పైకి వంచాను. గట్టిగా విసిరితే నిక్కి పైకి లేచింది, మెల్లగా విసిరితే మళ్లీ నేలకు కొట్టింది. మీ మోడల్ కూడా విసురును బట్టి ఇలా రెండు రకాలుగా ప్రవర్తిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, ముక్కు బరువే.

పాత ప్లాన్‌లో రెక్క ముందంచు బాడీని కలిసే చోటు నుంచి బ్యాలెన్స్ గుర్తు దాకా కొలవండి. ఆ దూరాన్నే కొత్త మోడల్‌కు తీసుకోండి. ఫ్లాపులు చదును చేసి, కొత్త గుర్తు కింద వేలు పెట్టి, సమంగా నిలిచేదాకా బిళ్ళలు ఒక్కొక్కటే తీసేయండి. ముక్కు రెక్కకు దూరమైంది కాబట్టి పాత మోడల్‌లో ఉన్నన్ని బిళ్ళలు అవసరం పడవు. ప్యాసింజర్ రకం చేస్తుంటే పైఅంతస్తు గూని కూడా పొడవు, అక్కడ బరువు ఇంకా పెరుగుతుంది. కార్గో రకంలో గూని పొట్టిదే. బిళ్ళలన్నీ తీసినా ముక్కు బరువుగానే ఉంటే ముక్కు లోపల తొలవండి, తోకకు బరువు కట్టకండి.

లక్షణం కనిపించే చోటే కారణం ఉండాలని లేదు. 2010 ఫిబ్రవరి 8న అసలు 747-8 తొలిసారి ఎగిరాక, పరీక్షల్లో రెక్కలకు బాడీ దగ్గరుండే ఫ్లాపులు అదురుతున్నాయని తేలింది. తెరుచుకున్న చక్రాల తలుపుల మీదుగా వచ్చే గాలి వాటిని కొడుతోందట. సరిచేసింది తలుపును.

మిగతావి

రెక్క కొసలు 400లోలా పైకి లేపారా, 8లోలా వెనక్కి వాల్చారా అన్నది దీనికి కారణం కాదు. ఇన్‌స్టంట్ గమ్ థర్మాకోల్‌ను తినేస్తుంది, ఫెవికాల్ వాడండి. ఆషాఢం గాలిలో పరీక్షించకండి, తెల్లవారి ఆరింటికి రండి.

కొత్త గుర్తు రెక్క అడుగున పెన్నుతో గీసి, పక్కనే "రెక్క నుంచి" అని రాయండి. ముక్కు నుంచి కొలిచిన పాత గీతను చెరిపేయండి.