కాపీరైటింగ్ చేస్తూనే కథలు రాయడం, మనసు కోసం రాసుకోవడం ఎలా?

రోజంతా ప్రకటనలు, వెబ్‌సైట్ పేజీలు, ప్రొడక్ట్ వివరణలు రాసి, సాయంత్రం సొంత కథ ముందు కూర్చుంటే ఒక్క వాక్యం కదలదు. కదిలినా ట్యాగ్‌లైన్‌లా వస్తుంది. డైరీ తెరిస్తే అందులో కూడా ఎవరికో నచ్చేలా రాస్తున్నట్టు ఉంటుంది. రాత మీద బతికేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన బాధే. టైమ్ దొరక్కపోవడమే దీనికి కారణం అనుకుంటాం. అది కొంతవరకే నిజం. అసలు చిక్కు ఏమిటంటే, మూడు రకాల రాతలనీ మనం ఒకే పాఠకుడి కోసం రాసేస్తున్నాం.

కాపీని, అంటే అమ్మకం కోసం రాసేదాన్ని, చదివేది తొందరలో ఉన్న కొనుగోలుదారు, అంతకంటే ముందు క్లయింట్. కథ చదివేది ఇష్టపడి, తీరిక చేసుకుని కూర్చున్న మనిషి. మనసు కోసం రాసుకునేదాన్ని ఎవరూ చదవరు, చదవకూడదు కూడా. ఈ తేడాను రోజువారీ పనిలో ఎలా నిలుపుకోవాలో చూద్దాం.

1. ముందు చోటు వేరు చేయండి

ఒకే ఫైల్‌లో, ఒకే యాప్‌లో, ఒకే కుర్చీలో మూడూ రాస్తే చేయి పాత అలవాటులోకే పోతుంది. కాపీ ఎక్కడ రాస్తున్నారో అక్కడే రాయండి. కథకు వేరే ఫాంటైనా పెట్టుకోండి, వీలైతే వేరే చోట కూర్చోండి. మనసు రాతకు చౌక నోట్‌బుక్ మంచిది. ఖరీదైన పుస్తకం కొంటే అందులో బాగా రాయాలనే ఒత్తిడి మొదలవుతుంది.

ఆఫీసు లాప్‌టాప్‌లో సొంత కథలు పెట్టుకోవద్దు. ఉద్యోగంలో భాగంగా రాసినదానిపై హక్కు యజమానికే చెందేలా చాలా దేశాల్లో చట్టాలున్నాయి. కొన్ని ఒప్పందాల్లో ఈ షరతు ఇంకా విశాలంగా ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ పేరా చదివి, మీ సృజనాత్మక రచన దాని కిందికి రాదని రాయించుకోండి.

2. ఏ పని దేన్ని తినేస్తోందో గమనించండి

కాపీరైటింగ్ పనులన్నీ ఒకేలా అలసట తేవు. కొత్త ప్రొడక్ట్‌కు పేరు వెతకడం, క్యాంపెయిన్ ఐడియా ఆలోచించడం, హెడ్‌లైన్లు రాయడం కథకు కావలసిన శక్తినే వాడేస్తాయి. ప్రూఫ్ చూడటం, పాత పేజీలు సరిదిద్దడం, ఇన్వాయిస్‌లు పంపడం ఆ శక్తిని పెద్దగా ముట్టుకోవు. ఒక వారం పాటు ఏ పని తర్వాత ఎలా ఉన్నారో పక్కన ఒక మాట రాసుకోండి. ఐడియాలు కావలసిన రోజున కథను పొద్దున్నే రాయండి, లేదా ఆ రోజుకు వదిలేయండి. ఇన్వాయిస్‌ల రోజున సాయంత్రమైనా రాయగలరు.

పని ఆపాక కూడా తల ఆ పనిలోనే ఉండిపోవడం గురించి సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. సగంలో వదిలిన పని మీదే కొంత ధ్యాస చిక్కుకుపోతుంది, తర్వాతి పనికి పూర్తిగా అందదు. మధ్యలో ఆపాల్సి వస్తే, ఎక్కడ ఆగాం, తిరిగి వచ్చాక ఏం చేయాలి అని రెండు లైన్లు రాసుకుంటే ఆ పట్టు సడలుతుందని ఆమె తర్వాతి పరిశోధనలో తేలింది. కాబట్టి క్లయింట్ ఫైల్ మూసేముందు ఆ రెండు లైన్లు రాయండి. వాటి అవసరం కథ ముందు కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

3. మీ టైమ్‌కు తగ్గ పద్ధతి ఎంచుకోండి

నవలా రచయిత పీటర్ కేరీ 1970ల్లో కొంతకాలం నెలలో ఒక వారం సిడ్నీలో ప్రకటనల పని చేసి, మిగతా మూడు వారాలు సొంత రచనకు ఇచ్చారు. డొరొతీ సేయర్స్ 1922 నుంచి కొన్నేళ్లపాటు లండన్‌లో ఒక ప్రకటనల ఏజెన్సీలో ఉద్యోగం చేస్తూనే డిటెక్టివ్ నవలలు రాశారు. ఫ్రీలాన్సర్లకు మొదటి పద్ధతి, ఉద్యోగులకు రెండోది కుదురుతుంది. ఉద్యోగం చేస్తూ నెలకు మూడు వారాల ఖాళీ కోసం ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి. రోజూ అరగంట చాలు, కానీ ఆ అరగంట ఎప్పుడో ముందే తేలిపోవాలి.

ఫ్రీలాన్సర్లు ఒప్పందంలో ఎన్నిసార్లు మార్పులు చేస్తారో రాసి పెట్టుకోవాలి. రెండుసార్లు అనేది సాధారణంగా అందరూ ఒప్పుకునే లెక్క. అది రాసి లేకపోతే "చిన్న మార్పే" అంటూ వచ్చే మెసేజ్‌లు సాయంత్రాలన్నీ తీసుకుపోతాయి.

4. కథలో కాపీ అలవాట్లను పట్టుకోండి

కాపీ మనకు చాలా మంచి విషయాలు నేర్పుతుంది. అనవసరమైన మాట కొట్టేయడం, గట్టిగా చదివి వినడం, అనుకున్న తేదీకి పని ముగించడం వంటివి. వాటిని వదులుకోకండి. కానీ విషయాన్ని ముందే చెప్పేయడం, ప్రతి పేరానూ ఒక చమక్కుతో ముగించడం, పాఠకుడికి ఏ అనుమానమూ మిగలకుండా చూడటం కథను చంపేస్తాయి.

ఉదాహరణకు ఈ రెండు వాక్యాలు చూడండి: "ఆమె తలుపు మూసింది. కొన్ని తలుపులు మూస్తేనే కొత్తవి తెరుచుకుంటాయి." మొదటిది కథ. రెండోది పోస్టర్ మీద ఉండాల్సిన మాట. ఆమె ఎందుకు మూసిందో తెలుసుకోవాలన్న ఆత్రాన్ని అది అక్కడికక్కడే తీర్చేసింది. డ్రాఫ్ట్ పూర్తయ్యాక ప్రతి పేరాలోనూ చివరి వాక్యం మీద వేలు పెట్టి, అది లేకుండా చదవండి. చాలాచోట్ల అది అక్కర్లేదని తెలిసిపోతుంది. నాకు తెలిసిన అభ్యాసాల్లో దీనంత పనికొచ్చేది మరొకటి లేదు.

ఇంకొకటి కూడా చేయవచ్చు. ఒక వస్తువు గురించి పేజీ రాయండి, కానీ దాన్ని ఎక్కడా మెచ్చుకోకండి. అది ఎక్కడ అరిగింది, ఎవరి చేతిలో ఎలా ఉంటుంది, ఎందుకు పారేయలేదు అన్నవే రాయండి. పొగడటం మానేసిన కన్నుకు చాలా కనబడతాయి.

5. మనసు కోసం రాసేటప్పుడు

ఈ రకం రాత మీద పరిశోధనకు దారి వేసినవారిలో మనస్తత్వవేత్త జేమ్స్ పెన్‌బేకర్ ముఖ్యులు. 1986లో వచ్చిన ఆయన అధ్యయనంలో కాలేజీ విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. తమను కలచివేసిన సంఘటననూ, దానిపై తమ భావాలనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. ఆ తర్వాత ఎన్నో అధ్యయనాలు జరిగాయి. ఫలితం అందరిలో ఒకేలా లేదు, సగటున చిన్నదే. అయినా ఖర్చు లేని ఈ పనిని ప్రయత్నించి చూడటం మంచిదని నా నమ్మకం.

పద్ధతి తేలిక. ఎవరూ పిలవని ఒక పావుగంట చూసుకుని, ఆపకుండా రాయండి. అక్షరదోషాలు పట్టించుకోవద్దు. ఏం జరిగిందో రాయండి, అప్పుడు ఏమనిపించిందో, ఇప్పుడేమనిపిస్తోందో కూడా రాయండి. రాసిన వెంటనే మనసు కాస్త బరువెక్కడం మామూలే, సాధారణంగా కాసేపటికి తగ్గుతుంది. కాబట్టి మీటింగ్‌కు ముందు మాత్రం రాయవద్దు. కాగితం చింపేయాలనిపిస్తే చింపేయండి.

కాపీరైటర్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. బాధ కూడా చక్కగా చెక్కిన వాక్యాల్లోనే వస్తుంది. చెక్కుతున్నట్టు తోస్తే కొట్టివేతలు ఆపేయండి. టైప్ చేస్తుంటే స్క్రీన్ వెలుతురు పూర్తిగా తగ్గించి, రాసింది కనబడకుండా రాయండి. మూడు నాలుగు రోజులు అదే ఫిర్యాదు అవే మాటల్లో తిరుగుతుంటే, ఆ గొడవలో ఎదుటి మనిషి వైపు నుంచి ఒకసారి రాయండి, లేదా విషయం మార్చండి.

ఏదైనా సంఘటన తాకలేనంత పచ్చిగా ఉంటే దాన్ని వదిలేయండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తమకు తాము హాని చేసుకోవాలనే ఆలోచనలు వచ్చినా రాత సరిపోదు, ఆలస్యం చేయకుండా డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవాలి.

6. నోట్‌బుక్‌లోది బయటికి తేవాలనిపిస్తే

తేవచ్చు, కానీ వెంటనే వద్దు. కొన్ని నెలలు ఆగండి. అందులో వేరేవాళ్ల రహస్యాలు ఉంటే మరీ జాగ్రత్త. ఈమధ్య బ్రాండ్లు కూడా మనసును తాకే నిజమైన కథలు అడుగుతున్నాయి, తొందరలో మన గాయాన్నే బ్రీఫ్‌కు, అంటే ఏం కావాలో క్లయింట్ చెప్పినదానికి, సరిపెట్టేస్తాం. అందుకే పంపేముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పేరా పక్కన క్లయింట్ "ఇంకొంచెం ఎమోషనల్‌గా కావాలి" అని కామెంట్ పెడితే ఓర్చుకోగలనా? లేదనిపిస్తే అది ఇంకా మీ దగ్గరే ఉండాలి.

7. పని ముంచెత్తిన వారాల్లో

అన్నీ ఒకేసారి నడవని రోజులు తప్పక వస్తాయి. అప్పుడు కథను ఆపండి, మనసు రాతను పది నిమిషాలకు కుదించైనా ఉంచుకోండి. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు, ఎవరికీ చూపించనిది కాబట్టి ముందు దాన్నే కొట్టేస్తారు. ఒత్తిడి పెరిగిన వారంలోనే దాని అవసరం ఎక్కువ.

పని తగ్గాక కథ దగ్గరికి వచ్చినప్పుడు కొత్త పేజీతో మొదలుపెట్టకండి. చివరగా రాసిన పేజీని మళ్లీ చేత్తో ఎత్తి రాయండి. రాస్తూ రాస్తూ, ఆగిపోయిన చోటికి రాగానే పెన్ను తీయకుండా తర్వాతి వాక్యం రాసేయండి.