ఓటు హక్కు ఉద్యమం నాటి బ్యానర్‌ను ఇంట్లో కుట్టడం ఎలా?

1908 జూన్ 13న లండన్‌లో దాదాపు 10 వేల మంది మహిళలు ఓటు హక్కు కోసం థేమ్స్ ఒడ్డు నుంచి ఆల్బర్ట్ హాల్ దాకా నడిచారు. వాళ్లు మోసిన బ్యానర్లలో 70కి పైగా ఆర్టిస్ట్స్ సఫ్రేజ్ లీగ్ అనే కళాకారిణుల సంఘం తయారుచేసినవే. వాటిలో ఎక్కువ గీసినావిడ మేరీ లౌండ్స్, చర్చి కిటికీల రంగుటద్దాల కళాకారిణి. బ్యానర్ ఎలా కుట్టాలో 1909లో ఆవిడ ఒక వ్యాసమే రాసింది. సారం ఇది: బ్యానర్ అంటే చదివించే బోర్డు కాదు, గాలికి ఊగే గుడ్డ. ఫ్లెక్సీలకు అలవాటుపడ్డ మనకు ఆ మాట కాస్త గుచ్చుకుంటుంది. మార్చి 8 ఊరేగింపుకో, కాలేజీ ప్రదర్శనకో అలాంటిది ఒకటి కుట్టి చూడండి.

1. మాటలు తగ్గించండి. ఆ ఊరేగింపులోని శాస్త్రవేత్త మేరీ క్యూరీ బ్యానర్ మీద ఆమె పేరు, ‘రేడియం’ అన్న మాట ఉంటాయి. అంతే. తెలుగులో ఇంకో చిక్కుంది, ఒత్తులు. ‘స్త్రీలకు ఓటు’ అని గుడ్డతో కత్తిరించబోతే మొదటి అక్షరమే చుక్కలు చూపిస్తుంది. త ఒత్తు, క్రావడి (ర ఒత్తు), పైన గుడిదీర్ఘం. నేను కత్తిరించిన క్రావడి కుట్టేలోపే పోగులు ఊడిపోయింది. అదే ‘మహిళలకు ఓటు’ అంటే ఒక్క ఒత్తూ లేదు. ‘సమాన పనికి సమాన వేతనం’లోనూ లేదు. నినాదం ఖాయం చేసేముందు ఒత్తులు లెక్కపెట్టండి.

2. రంగులు మూడు చాలు. బ్రిటన్‌లో ఓటు కోసం కిటికీల అద్దాలు పగలగొట్టి జైలుకెళ్లిన ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ వర్గానివి ఊదా, తెలుపు, ఆకుపచ్చ. అక్కడి మరో సంఘం విమెన్స్ ఫ్రీడమ్ లీగ్‌వి ఆకుపచ్చ, తెలుపు, బంగారు రంగు. అమెరికాలో ఓటు కోసం 1917 నుంచి వైట్‌హౌస్ గేటు ముందు నిలబడ్డవాళ్లవి ఊదా, తెలుపు, బంగారు రంగు. ఎవరి గుంపో దూరం నుంచే తెలిసేది.

3. గుడ్డను ముందే చేత్తో పట్టుకుని చూడండి. లౌండ్స్ బ్యానర్ డిజైన్ల ఆల్బమ్‌లో కొన్ని బొమ్మల పక్కన గుడ్డముక్కలు అతికించి ఉంటాయి. కాగితం మీది రంగును ఆవిడ నమ్మలేదన్నమాట. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు సరిపోతుంది. వెనక పాప్లిన్ లైనింగ్ వేయండి. చిరిగిన పట్టుచీర జరీ అంచు ఇంట్లో ఉంటే దాన్ని ఇంతకన్నా బాగా వాడలేరు.

4. అక్షరాలు కుట్టండి. పెయింట్ వద్దు, గుడ్డ బిరుసెక్కి ఊగదు. కనీసం ఆరంగుళాల ఎత్తున కాగితం మీద రాసి, కత్తిరించి, గుడ్డ మీద పెట్టి సుద్దముక్కతో గీయండి. చుట్టూ పావంగుళం వదిలి కత్తిరించాలి. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి ఆ పావంగుళంలో దగ్గరదగ్గరగా చిన్న గాట్లు పెట్టాలి, అప్పుడే అంచు ముడత పడకుండా లోపలికి మడుచుకుంటుంది. ముందు కచ్చా కుట్టు, తర్వాత హెమ్మింగ్. చివర్లో అక్షరం చుట్టూ నల్లదారం తాడు తిప్పి కుడితే ఎండలోనూ స్పష్టంగా కనిపిస్తుంది.

5. సంతకాలకు చోటుంచండి. 1910లో లండన్ వీధుల్లో తిరిగిన ఒక బ్యానర్ మీద జైల్లో నిరాహారదీక్ష చేసిన 80 మంది సంతకాలు దారంతో కుట్టి ఉన్నాయి. మీవాళ్లు పెన్సిల్‌తో సంతకం పెడితే మీరు దాని మీదే కుట్టవచ్చు. ఊరేగింపుకు వారం ముందే ఈ పని మొదలుపెట్టండి, ఒక్కో సంతకానికి అరగంటైనా పడుతుంది.

6. పై అంచును గొట్టంలా మడిచి కుట్టి వెదురు కర్ర దూర్చండి. దాన్ని రెండు నిలువు కర్రలకు కట్టి, కింది మూలలకు తాళ్లు వేసి ఇద్దరికి ఇవ్వండి. గాలి గట్టిగా వీస్తే ఈ గుడ్డ తెరచాపే. ఇంటికొచ్చాక మడతపెట్టకుండా కర్రకే చుట్టండి. మడత పెడితే జరీ అక్కడే విరుగుతుంది.